చెమట పట్టని చొక్కా

మా అక్క ఒకసారి నడుస్తున్న బస్సులో, నలభై మంది ముందు, మా నాన్న పేరేంటని నన్నడిగింది.

తెలియక కాదు. ఇద్దరికీ నాన్న ఒక్కడే. ఆవిడ సిటీ బస్సుల్లో టికెట్ల చెకింగు ఇన్‌స్పెక్టరు. ఆ రోజు నా రెండు చేతుల్లోనూ బట్టల మూటలున్నాయి, కండక్టరు ఇంకా నా దాకా రాలేదు, ఈలోగా ఆవిడ వెనక తలుపులోంచి ఎక్కింది. "అక్కా" అన్నాను నవ్వుతూ. "అక్క ఇంట్లో ఉంటుంది. టికెట్టేది?" అంది. జరిమానా రసీదులో పేరు, తండ్రి పేరు, చిరునామా రాయాలి. మూడూ ఆవిడకి కంఠతా వచ్చు. అయినా ఒక్కొక్కటీ నన్నడిగి, నేను చెప్పాకే రాసింది. రెండేళ్ళు ఆవిడతో మాట్లాడలేదు నేను. నేను అంతకంటే పెద్దదేదో దాస్తున్నానని, అందుకే మొహం చాటేస్తున్నానని ఆ రెండేళ్ళూ ఆవిడ అనుకుందట. తర్వాత బావ చెప్పాడు.

ఆవిడ అనుమానానికి ఇల్లూ బస్సూ అని తేడా లేదు. పాలవాడు నవ్వితే ఆ రోజు నీళ్ళెక్కువ పోశాడంటుంది. పక్కింటావిడ ఊరికే పలకరిస్తే దేనికోసం వచ్చిందో కనిపెట్టేదాకా నిద్రపోదు. గడియారాన్ని రేడియోతో సరిచూసుకుంటుంది, రేడియోని నమ్మక నాకు ఫోను చేసి టైమెంతయిందని అడుగుతుంది, నేను చెప్పాక "నిజంగానా?" అంటుంది. కండక్టర్లు ఎదురుగా మేడమ్ అంటారు, చాటున ఎక్స్‌రే అంటారు. ఆ పేరు ఆవిడకి తెలుసు. ఎవడు పెట్టాడో ఇంకా ఆరా తీస్తూనే ఉంది.

పనిలో మాత్రం ఆవిడ కంటికి తిరుగులేదు, అది ఒప్పుకోవాలి. టికెట్టు లేనివాడు చెకింగు ఎక్కగానే కిటికీలోంచి బయటికి చూడడట, చెకింగు వైపే చూస్తాడట. మరీ ముదురైతే నిద్ర నటిస్తాడట. నిజంగా నిద్రపోయేవాడి మెడ వాలిపోతుంది, నటించేవాడి మెడ నిలబడే ఉంటుంది. ఇవన్నీ అన్నం తింటూ చెబుతుంది. అప్పుడు చూడాలి మా బావని. వినడం వినడం మెడ సర్దుకుంటాడు.

బావ పుస్తకాలు బైండింగు చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఇరుకు షాపు, ఒక ఇనప ప్రెస్సు, ఒక బల్ల, మైదా గంజి గిన్నె. ఆఫీసు రిజిస్టర్లు, చినిగిపోయిన స్కూలు పుస్తకాలు, ఎవరివో పాత డైరీలు, ఏది తెచ్చినా కుట్టి, అంటించి, అంచులు కోసి, కొత్త పెళ్ళికొడుకులా తయారుచేసి ఇస్తాడు. ఆయన వేళ్ళ చివర్లు ఎప్పుడూ గంజితో బిరుసుగా ఉంటాయి. వాళ్ళకి పిల్లల్లేరు. నాకు మొగుడు పోయి పదేళ్ళయింది. ఒకే వీధిలో నాలుగిళ్ళ దూరంలో ఉంటాం. మాకు ఒకరికొకరం తప్ప వేరే కాలక్షేపం లేదు.

ఇంత నెమ్మదైన మనిషికీ ఒక పిచ్చి ఉంది. ఏటా సంవత్సరం మొదటి రోజున, సెలవు కదా, మా ఊళ్ళో ఎనిమిది కిలోమీటర్ల పరుగు పందెం పెడతారు. బావ పంతొమ్మిదేళ్ళుగా అందులో పరిగెడుతున్నాడు. గెలవడానికి కాదు. ఎప్పుడూ మంగలి షాపాయనతో కలిసి, వెనక నుంచి లెక్కపెడితే తొందరగా దొరికే చోట ఉంటాడు. అసలు చూడాల్సింది మా అక్కని. ఐదో కిలోమీటరు దగ్గర, నీళ్ళ ట్యాంకు మలుపులో, ఒక చెక్కపెట్టె బోర్లించి దానిమీద నిలబడుతుంది. బావ మలుపు తిరిగి కనపడగానే అరుస్తుంది. ఏమరుస్తుందో ఎవరికీ సరిగ్గా అర్థం కాదు. చేతులూపుతుంది, పెట్టెమీద గెంతుతుంది, ఒకసారి కింద కూడా పడింది. ఏడాది పొడుగునా మనుషుల మీద అరిచే మా అక్క ఆ ఒక్క రోజు ఒక మనిషి కోసం అరుస్తుంది. ఆ వీధిలోవాళ్ళు పరుగుకంటే ఆవిణ్ణి చూడ్డానికే బయటికొస్తారు. నేను మాట్లాడని రెండేళ్ళలో కూడా, దూరంగా నిలబడి, ఆవిణ్ణి చూసి నవ్వుకున్నాను.

ఈసారి పందేనికి పది రోజులుందనగా, మధ్యాహ్నం పూట అక్క నేను పనిచేసే లాండ్రీకి వచ్చింది. కౌంటరు మీద ఒక ప్లాస్టిక్ సంచి పెట్టింది. అందులో బావ పరుగు చొక్కా.

"వాసన చూడు" అంది.

ఇరవై రెండేళ్ళుగా ఊరి జనం మాసిన బట్టలు చూస్తున్నాను. కాలరు చూస్తే ఆ మనిషి పనేమిటో, చంక చూస్తే ఎంత పని చేశాడో చెప్పగలను. చొక్కాలో చెమట లేదు. ఒక్క చుక్క లేదు. రోజూ తెల్లవారకముందే ప్రాక్టీసుకని వెళ్ళి గంటన్నర తర్వాత వచ్చే మనిషి చొక్కా అది. ఇంకొకటి కూడా చూశాను. వీపు మధ్యలో అడ్డంగా ముడతలున్నాయి, ఎక్కడో చేరగిలబడి చాలాసేపు కూచున్న మనిషికి పడే ముడతలు. అది మాత్రం చెప్పలేదు. జరిమానా రాయడానికి ఆవిడకి రసీదు పుస్తకం నేనెందుకు అందించాలి?

ఆవిడకి నా సాయం అక్కర్లేకపోయింది. రెండు నెలలుగా అన్నీ పోగేసింది. బూట్ల అడుగులు అరగలేదు. జుట్టు తడిగా ఉంటోంది, మెడ పొడిగా ఉంటోంది, అంటే ఏదో కుళాయి కింద తల పెట్టి వస్తున్నాడు. ఇదివరకు పరిగెత్తి రాగానే మంచినీళ్ళు గటగటా తాగేవాడు, ఇప్పుడు అడగడం లేదు. పైగా ఎక్కడిదాకా వెళ్ళావంటే ట్యాంకు దాకా అని, అడక్కపోయినా టైముతో సహా చెబుతున్నాడు. అడక్కుండా టైము చెప్పేవాణ్ణి నమ్మకూడదట.

అన్నీ చెప్పి, గొంతు తగ్గించి, ఎవత్తో ఉందంది. నాకు నవ్వాగలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, వేళ్ళ నిండా గంజి, ఆయన్ని ఎవత్తె చూస్తుందే అన్నాను. అక్క నవ్వలేదు. సంచి మడిచి చంకలో పెట్టుకుంది. ఆవిడ కళ్ళకింద నలుపు అప్పుడు చూశాను. ఆ రెండు నెలలూ ఆవిడ నిద్రపోలేదు.

"నాకు అబద్ధం చెప్పినవాడు ఎవడైనా నాకు ఒక్కటే. నీకు తెలుసుగా" అంది.

నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అందుకే భయమేసింది. నాకు రెండేళ్ళు పట్టింది ఆవిడ జరిమానా మర్చిపోవడానికి. ముప్పై ఏళ్ళ కాపురంలో బావ దొరికిపోతే ఆవిడ ఆయన్ని ఎన్నేళ్ళు క్షమించదో నేను లెక్క కట్టలేకపోయాను.

ఆవిడ ఏర్పాటు ఇది. పరుగు రోజున తను ఎప్పటిలాగే ట్యాంకు మలుపులో ఉంటుంది. నేను మూడో కిలోమీటరు దగ్గర, పోస్టాఫీసు మెట్లమీద నిలబడాలి. బావ ఎన్ని గంటలకి దాటాడో, ఎవరితో దాటాడో, చెమట పట్టిందా లేదా, అన్నీ రాసుకోవాలి. ఒక చీటీ, పెన్సిలు కూడా ఇచ్చింది. నాకు జరిమానా వేసిన మనిషి నన్నే చెకింగుకి పెట్టింది. సరేనన్నాను. నాకూ తెలుసుకోవాలని ఉంది మరి, దాచడమెందుకు.

ఆ రోజు ఆరున్నరకి పందెం మొదలైంది. పోస్టాఫీసు మెట్లమీద చలికి చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను. ముందు కుర్రాళ్ళు గాలిలా వెళ్ళిపోయారు. తర్వాత స్కూలు పిల్లలు, పోలీసులు, బ్యాంకువాళ్ళు, కబుర్లాడుకుంటూ ఒక ఆడవాళ్ళ గుంపు. ఆఖరికి మంగలి షాపాయన వచ్చాడు, ఒక్కడే. బావేడీ అని అడిగితే రొప్పుతూ వెనక్కి చెయ్యి చూపించి వెళ్ళిపోయాడు. వెనక ఎవరూ లేరు. అంబులెన్సు మెల్లగా దొర్లుకుంటూ వచ్చి అదీ వెళ్ళిపోయింది.

అంబులెన్సు అద్దంలోకి తొంగిచూశాను. ఖాళీ. గుండె కొంచెం కుదుటపడి, ఆ వెంటనే అక్క మాటే నిజమా అనిపించింది. పోస్టాఫీసుకి వెనకపక్క ఇంకో రోడ్డుంది, బస్సులు తిరిగే రోడ్డు. గోడ పక్కనుంచి అటు వెళ్ళి చూశాను. బస్‌స్టాపులో బావ. పరుగు చొక్కా మీద మామూలు చొక్కా తొడుక్కుని, మెడదాకా గుండీలు పెట్టుకుని, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. గుండీల సందులోంచి ఛాతీ మీద కట్టిన నంబరు కాగితం కనిపిస్తోంది. నేను పిలిచేలోపల బస్సొచ్చింది, ఆయన ముందు తలుపులో ఎక్కాడు. నేను పరిగెత్తి వెనక తలుపులో ఎక్కాను. ఆ రోజు మా ఇంట్లో నిజంగా పరిగెత్తినదాన్ని నేనొక్కదాన్నే.

వెళ్ళి పక్కన కూచున్నాను. నన్ను చూడగానే ఆయన మొహం పాలిపోయింది. అయినా ముందు కండక్టర్ని పిలిచి నాకూ ఒక టికెట్టు తీసుకున్నాడు. తనది అప్పటికే చేతిలో ఉంది. ఎక్స్‌రే మొగుడు కదా, దొంగతనానికి వెళ్ళినా టికెట్టు కొనుక్కునే వెళ్తాడు.

"ఎవరు బావా ఆవిడ?" అన్నాను.

"ఏ ఆవిడ?" అన్నాడు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకి. నేను విడమరిచి చెబితే భుజాలు కదిలేలా నవ్వాడు, నవ్వుతూనే ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఆగిపోయాడు. ఆ చెయ్యి చూసి నా నవ్వు పోయింది.

అప్పుడు చెప్పాడు. రెండు నెలల కిందట షాపులో ప్రెస్సు బిగిస్తుంటే ఛాతీలో ఎవరో కూచున్నట్టయిందట. ఒక్కడే ఆసుపత్రికి వెళ్ళాడు. గుండెకి పోయే నాళమొకటి సన్నబడిందన్నారు, పరుగు మాట మర్చిపొమ్మన్నారు, లోపలికి తీగ పంపి చూడాలి రమ్మన్నారు. రెండుసార్లు తారీకు ఇచ్చారు. రెండుసార్లూ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదు బావా అంటే, భయమేసింది అన్నాడు. సిగ్గుపడకుండా, చిన్నపిల్లాడిలా అన్నాడు.

అక్కకెందుకు చెప్పలేదని అడిగాను. చెప్పిన మరుక్షణం నుంచి తను మొగుడు కాదట, ఆవిడకి దొరికిన కేసట. గంటకోసారి నాడి పట్టుకుని టైము రాసుకుంటుందట. అదీ నిజమే. తర్వాత కిటికీ వైపు తిరిగి అసలు సంగతి చెప్పాడు.

"ఏడాదంతా జనం చేత తిట్లు తింటుంది మీ అక్క. ఆ మలుపులో ఒక్క పావుగంట అందరూ ఆవిణ్ణి చూసి నవ్వుతారు, ఇష్టంగా. వచ్చే నెల రిటైరవుతోంది. ఇక అదొక్కటే ఉంటుంది ఆవిడకి. నేను పరిగెత్తనంటే అది పోదూ?"

దానికోసం చేసిన పన్నాగం వింటే నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రోజూ తెల్లవారుజామున ఆయన ప్రాక్టీసు చేసింది పరుగు కాదు, బస్సు. పోస్టాఫీసు వెనక ఎక్కితే ట్యాంకు వెనక స్టాపుకి ఎన్ని నిమిషాలు పడుతుందో, అక్కణ్ణుంచి సందులో నడిచి మలుపుకి ముందు రోడ్డెక్కడానికి ఎన్ని నిమిషాలో, రెండు నెలలు లెక్క వేశాడు. లెక్క అయ్యాక పార్కు బెంచీ మీద చేరగిలబడి కూచుని, కుళాయి కింద తల తడుపుకుని ఇంటికెళ్ళేవాడు. పందెంలో అందరికంటే వెనక బయల్దేరి, మొదటి సందులోంచే తప్పుకుని పోస్టాఫీసు వెనక బస్సెక్కాలి. మలుపు దగ్గర మంగలి షాపాయన వెనక చేరి, పరిగెత్తినట్టు నడిచి, అక్క అరుపు విని, అవతలి సందులోకి దూరిపోవాలి. తొమ్మిది నిమిషాల దారి. కానీ ఇవాళ సెలవు. రోడ్డు మీద పురుగు లేదు, స్టాపుల్లో జనం లేరు, బస్సు ఎక్కడా ఆగకుండా దూసుకుపోతోంది. వాచీ చూసుకుని ఆయన కంగారుపడ్డాడు. ఇలాగైతే మంగలి షాపాయన కంటే చాలా ముందు దిగుతాడు, పోలీసుల మధ్యలో పడతాడు, అక్క నమ్మదు.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అని నన్నడిగాడు.

దిగి ఇంటికెళ్దాం, అక్కకి చెబుదాం అందామని నోరు తెరిచాను. అప్పుడే బస్సు కీచుమని ఆగింది. అక్కడ స్టాపు లేదు. రోడ్డు మధ్యలో నిలబడి మా అక్క చెయ్యెత్తింది.

ఆవిడ ట్యాంకు మలుపులో నిలబడలేదు. చెకింగువాళ్ళని చెకింగు చేసేవాళ్ళు కూడా ఉంటారు వాళ్ళ డిపార్టుమెంటులో. నేను పోస్టాఫీసు మెట్లమీద సరిగ్గా నిలబడ్డానో లేదో చూడ్డానికి బయల్దేరి వస్తోంది. పోస్టాఫీసు దగ్గర ఉండాల్సిన చెల్లెలి తల బస్సు కిటికీలో కనపడింది. ఇంకేముంది? యూనిఫాం లేకపోయినా ఆ చెయ్యి చూస్తే ఏ డ్రైవరైనా ఆపుతాడు.

ఎక్కింది. కండక్టరు లేచి నిలబడ్డాడు. ఆవిడ అతన్ని చూడలేదు. నడుచుకుంటూ వచ్చి మా సీటు దగ్గర ఆగింది. మొగుడు, పక్కన చెల్లెలు, పందెం జరిగే వేళ, ఖాళీ బస్సులో, ఒకే సీటులో. అలవాటు ఎక్కడికి పోతుంది, ముందు చెయ్యి చాపింది. బావ రెండు టికెట్లూ ఆ చేతిలో పెట్టాడు. రెండూ ఒకే మనిషి కొన్నవని, ఒకదాని తర్వాత ఒకటని, నంబర్లు చూడగానే ఆవిడకి తెలిసింది.

"అయితే నువ్వా" అంది నాతో.

నా జన్మలో నన్నెవరూ అంత మాట అనలేదు. ఆ జరిమానా రోజు కూడా ఇంత మంట పుట్టలేదు. ఆవిణ్ణి అక్కడే కడిగెయ్యాలనుకున్నాను. నీ మొగుణ్ణి నీ ముందు పెట్టి నిజం చెప్పించేదాకా ఊరుకోనని లేచాను. బావ నా చెయ్యి పట్టి కూచోబెట్టాడు. అది ఇంకా ఘోరంగా కనపడింది ఆవిడకి. అప్పుడు ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ప్రెస్సు, ఛాతీ, ఆసుపత్రి, తీగ, బస్సు, పార్కు బెంచీ, అన్నీ వరసగా. అక్క ఒక్కదానికీ తలాడించలేదు. 

"కాగితం ఉందా?" అంది.

బావ పై చొక్కా గుండీలు విప్పాడు. ఛాతీ మీద పిన్నులు పెట్టిన నంబరు కాగితాన్ని ఒకవైపు ఊడదీశాడు. దాని వెనకాల నాలుగు మడతలు పెట్టిన ఆసుపత్రి చీటీ ఉంది. ఒకవేళ రోడ్డు మీద పడిపోతే జనానికి తెలియాలని పెట్టుకున్నాడట. చీటీ వెనక అక్క ఫోన్ నంబరు పెద్ద అంకెలతో రాసి ఉంది, గుండ్రంగా, రిజిస్టరు అట్టమీద రాసినట్టు.

అక్క దాన్ని బస్సు పాసు చూసినట్టే చూసింది. తారీకు చూసింది, సీలు చూసింది, సంతకాన్ని వేలితో రుద్దింది. వెలుతురుకి ఎత్తి చూసింది. నకిలీ అయితే బాగుండునని అంతగా వెతకడం నేనెప్పుడూ చూడలేదు. ఆఖరికి మడతలు ఎలా ఉన్నాయో అలాగే మడిచి, ఎదుటి సీట్లో కూచుంది. 

"ఎవత్తైనా ఉన్నా బాగుండేది కదయ్యా" అంది.

ట్యాంకు స్టాపులో ముగ్గురం దిగాం. సందులోంచి మలుపు దాకా నడిచాం, బావకి అటొకరం ఇటొకరం. నాకు క్షమాపణ చెప్పలేదు ఆవిడ. నేనూ అడగలేదు, కానీ మర్చిపోయానని ఎవరూ అనుకోవద్దు. మలుపులో ఆవిడ పెట్టె అలాగే బోర్లించి ఉంది. దానిమీద బావని కూచోబెట్టింది. రోడ్డు మీద బ్యాంకువాళ్ళు పరిగెత్తుకుంటూ పోతున్నారు. వీధిలోవాళ్ళు మా వైపు చూస్తున్నారు, ఈవిడెప్పుడు అరుస్తుందా అని. బావ తల వంచుకుని, నీ సరదా పాడుచేశానన్నాడు.

 అక్క రోడ్డు వైపే చూస్తూ చెప్పింది. పంతొమ్మిదేళ్ళ కిందట మొదటిసారి ఆ మలుపుకి ఆవిడ అరవడానికి రాలేదట. పరుగని చెప్పి బావ ఇంకెక్కడికో వెళ్తున్నాడని, పట్టుకుందామని వచ్చిందట.

"నువ్వు రావని రాసి పెట్టుకున్నాను. వచ్చావు. చెమటలు కక్కుకుంటూ, చెప్పిన టైముకి, చెప్పినచోటికి వచ్చావు. నా అనుమానం తప్పవడం నా జన్మలో అదే మొదలు. నాకు నోట మాట రాలేదు, అందుకే అరిచాను. ప్రతి ఏడూ దానికే వస్తున్నాను నేను. నీ పరుగెవడిక్కావాలి?"

బావ తలెత్తి ఆవిణ్ణి చూశాడు.   ఇన్నేళ్ళూ ఆవిడ అరుపు చూసి నవ్విన నేను అది ఎలాంటి అరుపో ఒక్కసారి కూడా కనిపెట్టలేదు.

మంగలి షాపాయన మలుపు తిరిగాడు. పెట్టెమీద కూచున్న బావని చూసి అయోమయంగా చెయ్యూపి వెళ్ళిపోయాడు. అక్క చీటీ తీసి ఆసుపత్రి నంబరుకి ఫోను చేసింది. మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు, టోకెను ఏడింటి నుంచి ఇస్తారు, ఎనిమిదింటి లోపల మనిషి ఉండాలి. బావ మొహం మళ్ళీ పాలిపోయింది. అది చూసి అక్క ఒక మాట చెప్పింది. టోకెను తను తీసుకుంటుంది, కానీ ఆయన్ని లాక్కెళ్ళదు, తోడు రాదు, ఫోను చెయ్యదు. రావడం ఆయన రావాలి. లాక్కొస్తే వచ్చినట్టు కాదంది.

మర్నాడు ఆరింటికే నన్ను లేపి తీసుకెళ్ళింది. టోకెను తీసుకుని ఇద్దరం ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాం. వచ్చే ప్రతి బస్సునీ ఆవిడ కళ్ళతోనే ఖాళీ చేయించింది. ఏడుంబావు బస్సులో ముగ్గురు దిగారు, ఆయన లేడు. ఏడున్నర బస్సులో ఒక నర్సు, ఒక ముసలాయన. ఇంటికి ఫోను చేస్తానని నేను సెల్లు తీస్తే లాక్కుని తన సంచిలో వేసుకుంది. ఇంకో బస్సొచ్చింది. ఎవరూ దిగలేదు. లోపల నంబర్లు పిలుస్తున్నారు. రాడే, నాకు తెలుసు అంది, నాతో కాదు, గేటు ఊచలతో. మూడోసారి కూడా రాడు, తన షాపులో కూచుని ఎవరిదో రిజిస్టరు కుట్టుకుంటూ ఉంటాడు, మళ్ళీ ఏదో అబద్ధం చెబుతాడు, అంతటితో ఇద్దరి పనీ సరి అంది. ఆ గొంతులో కోపం లేదు. వట్టి భయం. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో మనుషుల్ని నమ్మకుండా బతికిన మనిషి ఒక మనిషిని నమ్మడానికి ప్రయత్నిస్తూ నిలబడితే ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను, చూడలేకపోయాను.

ఎనిమిదికి నాలుగు నిమిషాలుంది. నేను రోడ్డు అవతలికి చూసి అక్క భుజం పట్టుకున్నాను.

బస్సులో రాలేదు ఆయన. నడిచి వస్తున్నాడు. మధ్యలో స్టాపులో దిగిపోయి, వెనక్కి వెళ్ళే బస్సు కూడా ఎక్కి, మళ్ళీ దిగి నడిచాడని తర్వాత చెప్పాడు. ఉతికిన చొక్కా, చేతిలో బట్టల సంచి, నాలుగడుగులకోసారి ఆగుతున్నాడు. దూరం నుంచి చూసినా ఆ మొహంలో భయం తెలుస్తోంది. అయినా వస్తున్నాడు.

మా అక్క గేటు కింది కమ్మీ మీదకి ఎక్కింది. "వచ్చాడు!" అని అరిచింది. వరండాలో రోగులంతా తలలు తిప్పారు. "వచ్చాడే! చూడవే, వచ్చాడు!" వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, ఇది ఆసుపత్రమ్మా, ఇక్కడ అరవకూడదన్నాడు. ఆవిడ కమ్మీ దిగలేదు. బావ రోడ్డు దాటి గేటు దగ్గరికి వచ్చేదాకా అరుస్తూనే ఉంది.